మెచ్చుకోలుకీ కులముంది

తెలుగులో మెచ్చుకునే మాటలకు కరువులేదు. భళా, భేష్, శభాష్, ఔరా, ఆహా. శభాష్ పారశీకం నించి వచ్చిన మాట. 'సంతోషంగా ఉండు' అని దాని అసలు అర్థం. మాట యాడనించి వచ్చిందనేది నాకు ముఖ్యం కాదు. ఎవరి నోట్లోంచి బయల్దేరి ఎవరి మీద దిగిందనేదే నా ప్రశ్న. కిందనించి పైకి పోయే మాటను స్తుతి అన్నారు, స్తోత్రం అన్నారు. ఆ పనికి ఒక కులాన్నే నియమించి, పని అయిపోయినాక 'భట్రాజు పొగడ్త' అని ఆ కులం పేరునే ఎగతాళి మాటగా మార్చినారు. పైనించి కిందికి దిగే మాటను మెచ్చుకోలు అన్నారు, ప్రోత్సాహం అన్నారు. ఇద్దరు సమానులు ఒకరి పనిని ఒకరు చూసి బాగుందని చెప్పుకునే మాటకు మన భాషలో ప్రత్యేకంగా పేరేముంది? నేను తెలుగు చెప్పే పంతుల్ని. ఎదికినాను. దొరకలేదు. సమానత్వం లేనిచోట దాని పేరు మాత్రం యాడనించి వస్తాది?

సంస్కృతంలో ఒక సుభాషితం ఉంది. ఎవర్ని ఎప్పుడు పొగడాలో అది చెప్తుంది. గురువును ఎదురుగానే పొగడాలంట. స్నేహితుల్నీ బంధువుల్నీ వాళ్లు లేనిచోట పొగడాలంట. పనివాణ్ని పని అయిపోయినాక పొగడాలంట. కొడుకును ఎప్పుడూ పొగడగూడదంట. ఆడదాన్ని చచ్చిపోయినాక పొగడాలంట. దీన్ని లోకజ్ఞానం అని ఇప్పటికీ సభల్లో నవ్వుకుంటా చెప్తారు. నేను దీన్ని ఇంకో రకంగా చదువుతాను. ఈ శ్లోకం చెప్పేవాడికి గురువున్నాడు, బంధుబలగముంది, పనివాడున్నాడు, కొడుకున్నాడు, పెండ్లాముంది. అంటే ఇల్లూ పొలమూ ఉన్న మగవాడు. లోకాన్ని ఆయన అరుగు మీదనించి చూసి రాసిన నియమాలివి. పనివాడు యజమానిని ఎప్పుడు మెచ్చుకోవాల? ఆడది మొగుణ్ని ఎప్పుడు మెచ్చుకోవాల? ఆ మాట అందులో లేదు. వాళ్లు తూకం వేసేవాళ్లు కాదు, తూకానికి ఎక్కేవాళ్లు.

మా వంశానికి ఆ శ్లోకంలో దొరికిన చోటు ఒక్కటే. పని అయిపోయినాక.

మా తాత కపిల బానలు కుట్టేవాడు, చెప్పులు కుట్టేవాడు. పెనుకొండ, హిందూపురం చుట్టుపక్కల పల్లెల్లో కరెంటు మోటార్లు రాకముందు ఎద్దులు లాగే కపిల మీదనే సేద్యం. తోలు బాన లేకుంటే బావిలోని నీళ్లు బావిలోనే ఉంటాయి. తాత కుట్టిన బాన చుక్క కూడా కారదని ఊరంతా చెప్పేవాళ్లని మా అవ్వ చెప్పేది. సుగ్గిలో కళ్లం కాడ మేర కొలిచేటప్పుడు రైతు గట్టు మీద నిలబడి "నీ చేతిలో పనితనముందిరా, నీ అంత పనోడు ఈ చుట్టుపట్ల లేడు" అనేవాడంట. తాత కింద గోనెపట్టా పరుచుకోని నిలబడేవాడు. అవ్వ ఈ సంగతి చెప్పినప్పుడల్లా ఒక మాట కలిపేది. "మెచ్చుకుండె సంవత్సరం మేర తగ్గేది నాయనా." మెచ్చుకోలు కూలిలో భాగమైపోయింది. రెండు శేర్లు తగ్గించిన చోట ఒక శభాష్ పోసి పూడ్చినారు. అందుకే మా ఇంట్లో ఎవరైనా పొగిడితే ముందు కొలత చూసుకునే అలవాటు వచ్చింది. దాన్ని కృతజ్ఞత లేకపోవడం అని ఊరు అనింది. మేం దాన్ని లెక్క తెలియడం అంటాం.

ఇక మా గేరిలో మేం ఒకర్నొకరం ఎట్ల మెచ్చుకుంటాం? తిట్టి. పదో తరగతి ఫలితాలొచ్చిన రోజు మా అమ్మ నన్ను దగ్గరికి తీసుకోని "పాడునాకొడుకు, ఇన్ని మార్కులు ఏం చేసుకుంటాడో" అనింది. డీఎస్సీలో ఉద్యోగం వచ్చినప్పుడు మా నాయన "సరేలే, సంగటి తిను" అన్న్యాడు. అంతే. బయటివాళ్లకు ఇది మోటుతనంగా కనిపిస్తాది. దిష్టి భయం అని కొట్టిపారేస్తారు. దిష్టి నిజమే. బిడ్డ ముద్దుగా ఉందంటే అన్ని కులాల తల్లులూ బుగ్గన నల్లచుక్క పెడతారు. కానీ మా దిష్టి వేరు. మా గేరి పిల్లోడు బాగా చదువుతున్నాడని ఊర్లో తెలిస్తే, ఆ మాట మరుసటి దినమే "వానికి చదువెందుకు, గొర్లకు పంపీ" అని తిరిగొస్తాది. మా ఆడపిల్ల అందంగా ఉందనే మాట గేరి దాటితే అది ప్రమాదం. మా పెద్దలు మమ్మల్ని తిట్టుల కింద దాచిపెట్టినారు. గింజను మట్టికింద దాచినట్టు.

ఆఫ్రికాలో కలహారి ఎడారిలో కుంగ్ అనే వేటగాళ్లున్నారు. వాళ్లతో కలిసి బతికిన రిచర్డ్ లీ అనే మానవశాస్త్రవేత్త 1969లో ఒక వ్యాసం రాసినాడు. క్రిస్మస్ విందుకు ఆయన బలిసిన ఎద్దును కొనితెస్తే, వచ్చిన ప్రతివాడూ 'ఇది ఎముకలగూడు, దీన్నేం తింటాం' అని ఎగతాళి చేసినారంట. ఆయన బాధపడినాడు. తర్వాత తెలిసింది, వాళ్లలో ఎంత గొప్ప వేట తెచ్చినవాణ్నైనా అట్లనే అంటారని. వేటగానికి గర్వమొస్తే, మిగతావాళ్లను పనివాళ్ల మాదిరి చూస్తాడని, ఒకనాడు ఎవర్నో ఒకర్ని చంపుతాడని వాళ్ల భయం. అందుకని మాంసాన్ని తిట్టి మనిషిని నేలమీద ఉంచుతారు. ఇది చదివినప్పుడు మా గేరి గుర్తొచ్చింది. పోలికుంది, తేడా గూడా ఉంది. వాళ్లు తమలో ఎవడూ దొర కాకుండా తిట్టుకుంటారు. మేం బయటి దొర కంట్లో పడకుండా తిట్టుకున్నాం. వాళ్లది సమానత్వాన్ని కాపాడుకునే తిట్టు. మాది ప్రాణాన్ని కాపాడుకునే తిట్టు. ఏ సంస్కృతిలో పొగడ్త మర్యాద, ఏ సంస్కృతిలో తప్పు అని పుస్తకాలు రాసేవాళ్లు ఒకే భాష మాట్లాడే ఒకే ఊర్లో రెండు సంస్కృతులున్నాయని గుర్తించాల. ఊరికొకటి. గేరికొకటి.

బడికి పోయినాక మాకు మూడో రకం పొగడ్త ఎదురైంది. నేను చదువుకునేటప్పుడు ఒక అయివారు నా నోటుబుక్కు పైకెత్తి తరగతికంతా చూపించి "మాదిగోడైనా అచ్చరాలు చూడండ్రా, బాపనోళ్ల అచ్చరాల మాదిరున్నాయి" అన్న్యాడు. తరగతి చప్పట్లు కొట్టింది. ఆయన మంచి మనసుతోనే అన్న్యాడు. మంచి మనసుతో అన్న మాట కాబట్టే దాన్ని విమర్శించాల్సి ఉంది. చెడ్డ మనసుతో అనే మాటను అట్రాసిటీ చట్టం చూసుకుంటాది.

తొమ్మిది, పది తరగతుల పిల్లలకు అలంకారాలు చెప్తాం. వాటిల్లో వ్యాజస్తుతి ఒకటుంది. పైకి నిందలాగా కనిపిస్తా లోపల స్తుతి ఉండేది, పైకి స్తుతిలాగా కనిపిస్తా లోపల నింద ఉండేది. లాక్షణికులు శివుణ్ని బూడిద పూసుకునే బిచ్చగాడనే పద్యాలను ఉదాహరణగా చూపిస్తారు. నాకు అంతదూరం పోవాల్సిన పనిలేదు. 'మాదిగోడైనా' అనే ఒక్క మాట చాలు. వ్యాకరణంలో 'అయినా' అప్యర్థకం. రావాల్సిన ఫలితానికి ఎదురు ఫలితం వస్తే వాడే రూపం. వాన పడినా పంట పండలేదు. మందు తిన్నా జ్వరం తగ్గలేదు. మాదిగోడైనా అచ్చరాలు బాగున్నాయి. ఈ మూడు వాక్యాలకూ ఒకే కట్టుబడి. మొదటి సగంలో ఒక నియమముంది, రెండో సగంలో ఆ నియమానికి ఎదురైన వింత ఉంది. నా అచ్చరాలను మెచ్చుకున్న వాక్యం, గేరిలో ఉన్న మిగతా అందరి చేతుల్నీ వంకర చేతులని తీర్మానించేసింది. అచ్చరాలు బాగుంటే అవి నావి గూడా కావు, బాపనోళ్లవి! బాగున్నదల్లా వాళ్ల సొత్తు. నేను బదులు తెచ్చుకున్నవాణ్ని.

అప్యర్థకానికి చెల్లెలు 'కూడా'. "మీ పిల్లలు కూడా బాగా చదువుతున్నారే." "మీ ఇల్లు కూడా నీటుగా ఉందే." ఇంకొంచెం చదువుకున్నవాళ్లు ఇంకో మాట అంటారు. "సార్, మిమ్మల్ని చూస్తే ఎస్సీ అని ఎవరూ అనుకోరు." దీనికి 'థాంక్స్' చెప్పాలని వాళ్ల ఆశ. నేను థాంక్స్ చెప్తే మా అమ్మ మొఖాన్ని, మా అవ్వ చేతుల్ని, మా గేరినంతా అక్కడే వదిలేసి వచ్చినట్టు సంతకం పెట్టినట్టే. పొగడ్త పేరుతో నన్ను నావాళ్ల నించి విడగొట్టే పని ఇది. ఊరు మనిషిని వెలేసేటప్పుడు తప్పెట వేయించి చెప్తాది. గేరినించి మనిషిని వెలికి తీసేటప్పుడు మాత్రం మెత్తగా, నవ్వుతా, టీ ఇచ్చి చెప్తాది.

పొగడ్త పుచ్చుకోవడంలో ఉన్న కష్టం ఇది. పొగడ్త ఇవ్వడంలో ఉన్న కష్టం ఇంకా పెద్దది, దాని గురించి ఎవరూ రాయలేదు. నేను పని చేసిన ఒక బడిలో పై కులం సహోద్యోగి ఒకాయన భౌతికశాస్త్రం బాగా చెప్పేవాడు. ఒకరోజు పక్క గదిలో కూర్చోని ఆయన పాఠం విన్నాను. స్టాఫ్ రూములో అందరి ముందరా "సార్, ఈ పొద్దు కటకాల పాఠం చాలా బాగా చెప్పినారు. బొమ్మ వేసే ముందు పిల్లల్ని ఊహించమన్నారే, అది నాకు నచ్చింది" అన్నాను. ఆయన మొఖం మారిపోయింది. "అట్లనా, మీకు నచ్చిందా?" అన్న్యాడు. గదిలో ఒక నిమిషం నిశ్శబ్దం. నేను ఆయన్ను తిట్టుంటే అది గొడవ, ఇంతగా ఇబ్బంది ఉండేది కాదేమో. నమస్కారం పెట్టి 'మీరు మహానుభావులు' అనుంటే సంతోషపడుండేవాడు. నేను ఆ రెండూ చేయలేదు. ఆయన పనిని తూచినాను. ఏది బాగుందో, ఎందుకు బాగుందో చెప్పినాను. బాగుందని చెప్పగలిగినవాడు రేపు బాగలేదని గూడా చెప్పగలడు. ఆయన ఉలిక్కిపడింది అందుకే. మెచ్చుకునే హక్కులో విలువ కట్టే హక్కు దాగుంది. గుడిలోకి పోవడానికి, చెరువులో నీళ్లు తాగడానికి పోరాటాలు జరిగినాయి. విలువ కట్టే అరుగు మీదికి ఎక్కడం గూడా అట్లాంటి ప్రవేశమే.

మా పెనుకొండ ఒకప్పుడు విజయనగర రాజులు నడయాడిన ఊరు. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత తిరుమలరాయలు రాజధానిని ఇక్కడికే మార్చినాడు. గగనమహల్ ఇప్పటికీ నిలబడుంది. ఈ ప్రాంతంలో ఉగాదికో, ఏదన్నా వార్షికోత్సవానికో భువనవిజయం రూపకం వేయడం ఒక వేడుక. అధ్యాపకులే పెద్దన, తిమ్మన, ధూర్జటి, రామకృష్ణుడు అవుతారు. ఒకసారి ఒకచోట నన్ను పిలిచి "మీ గొంతు గంభీరంగా ఉంటాది సార్, ద్వారపాలకుడి వేషం మీకు బాగా కుదురుతాది" అన్నారు. గొంతుకు మెచ్చుకోలు, మనిషికి గుమ్మం! నేను పెద్దన పద్యాలు చదువుతానన్నాను. వేషాలన్నీ అయిపోయినాయన్నారు. ఆ సంవత్సరం నేను ప్రేక్షకుల్లో కూర్చోని ఆలోచించినాను, ఈ భువనవిజయం అసలు ఏమి? ఎనిమిదిమంది కవులు ఒక రాజును పొగడటం. రాజు వాళ్లను తిరిగి పొగడటం. ప్రబంధం అవతారికలో కృతిపతి వంశవర్ణన, షష్ఠ్యంతాలు. రాజు ఇచ్చే అగ్రహారాలు. పెద్దన పల్లకీని రాయలు తన చేత్తో ఎత్తినాడని, గండపెండేరం తొడిగినాడని మనం పిల్లలకు చెప్పి మురిసిపోతాం. ఆ అగ్రహారాల్లో నాగలి పట్టినవాళ్లను, ఆ పల్లకీని రోజూ మోసిన బోయీల్ని ఎవరు పొగిడినారు? ఒక్కరోజు మోసిన రాజు గొప్పవాడయినాడు. రోజూ మోసినోళ్లకు పేరు లేదు.

ఇదే రాయలు ఆముక్తమాల్యదలో మాలదాసరి కథ రాసినాడు. మావాళ్లలో ఒకడు తెలుగు ప్రబంధంలో నాయకుడంత ఎత్తున నిలబడిన అరుదైన చోటు అది. దాసరి తెల్లారుజామున గుడికి పోయి, బయటే నిలబడి దేవుణ్ని కీర్తించేవాడు. దారిలో ఒక బ్రహ్మరాక్షసుడు పట్టుకున్నాడు. పాడి తిరిగొస్తానని మాటిచ్చి, పాడి, తినమని తిరిగొచ్చినాడు. పూర్వజన్మలో బ్రాహ్మణుడైన ఆ రాక్షసుడు దాసరి పాట ఫలాన్ని ఇమ్మని బతిమాలుకున్నాడు. దాన్నిబట్టి రాయలు కులాన్ని దాటినాడని విమర్శకులు మెచ్చుకుంటారు. నేను గూడా ఆ ఘట్టాన్ని పిల్లలకు ఇష్టంగా చెప్తాను. మాలవాని ముందర బ్రాహ్మణ రాక్షసుడు చెయ్యి చాచడం చిన్న సంగతి కాదు. కానీ ఒక్క ప్రశ్న అడగాల. దాసరిని దేనికి మెచ్చుకున్నారు? బయట నిలబడినందుకు. మాట తప్పకుండా చావడానికి తిరిగొచ్చినందుకు. పాట ఫలాన్ని ఇచ్చేసినందుకు. లోపలికి రానీయమని అడిగుంటే ఆ మెచ్చుకోలు దక్కేదా? అడగనంతకాలమే మా మీద కావ్యాలు. అడిగినాక 1985లో కారంచేడు, 1991లో చుండూరు.

జాషువా దగ్గరికి రావాల. తన కవిత్వం విని భళీ భళీ అన్న పెద్దమనుషులు, ఊరూ పేరూ అడిగి కులం తెలిసినాక చప్పున లేచిపోతారని ఆయన పద్యంలో చెప్పుకున్నాడు. ఆ పద్యం మన సభల్లో ఇప్పుడు చప్పట్లు కొట్టించే పద్యం అయిపోయింది. లేచిపోయినవాళ్ల మనవళ్లే కూర్చోని చప్పట్లు కొడతారు. సంతోషమే. కానీ ఇంకో కథ ఉంది. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి స్వయంగా జాషువా కాలికి గండపెండేరం తొడిగినాడు. ఆ కాలంలో అది నిజంగా పెద్ద పని. చెళ్లపిళ్ల ఔన్నత్యాన్ని నేను తక్కువ చేయను. నేను అడిగేది ఆ కథను చెప్పేవాళ్లను. వందసార్లు విన్నాను, అన్నిసార్లూ కథ చివర 'చూశారా, చెళ్లపిళ్లవారి హృదయం ఎంత విశాలమో' అని ముగిసింది. జాషువా పద్యంలో ఏముందని ఆయన వంగినాడో చెప్పినవాణ్ని నేను చూడలేదు. 1941లో వచ్చిన గబ్బిలం గురించి, గుడిలోకి పోగలిగిన గబ్బిలంతో పోలేని మనిషి సందేశం పంపడంలో ఉన్న దెబ్బ గురించి ఆ సభల్లో మాట రాదు. మేఘసందేశం చదివిన పండితుని చేతిలోని కొలబద్దను తీసుకోని, దానితోనే ఆయన్ను కొట్టిన శిల్పం అది. దాని గురించి మాట్లాడరు. మమ్మల్ని మెచ్చుకున్నప్పుడు గూడా కీర్తి మెచ్చుకున్నవాని ఖాతాలోకే పోతాది.

ఈ మాట మా ఒక్కరిదే కాదు. ఫిలిస్ వీట్లీ అని ఆఫ్రికా నించి పట్టుకొచ్చి అమెరికాలో బానిసగా అమ్మిన పిల్ల. ఆమె కవితల పుస్తకం 1773లో లండన్‌లో అచ్చయింది. ఆ పుస్తకం ముందర బోస్టన్ నగర పెద్దలు 18 మంది సంతకాలు పెట్టినారు, 'ఇవి ఈ పిల్ల రాసినవేనని మేం నమ్ముతున్నాం' అని. ఏ తెల్లకవి పుస్తకానికైనా అట్లాంటి పంచాయతీ అవసరమైందా? తర్వాత ఫ్రెడరిక్ డగ్లస్. బానిసత్వం నించి తప్పించుకోని వచ్చి 1841 నించి వేదికలెక్కి మాట్లాడినాడు. ఆయన్ను మెచ్చుకున్న తెల్ల మిత్రులే, నువ్వు జరిగింది చెప్పు చాలు, సిద్ధాంతం సంగతి మేం చూసుకుంటాం అన్నారంట. మరీ పండితునిలా మాట్లాడితే బానిసవని ఎవరూ నమ్మరని, తోటల్లోని యాస కొంచెం ఉంచుకోమని సలహా గూడా ఇచ్చినారు. ఆయనే 1855 నాటి ఆత్మకథలో ఇది రాసుకున్నాడు.

ఇది చదివితే మన సమీక్షలు గుర్తురావా? 1995లో చిక్కనవుతున్న పాట వచ్చినాక దళిత కవిత్వం మీద రాసిన మెచ్చుకోళ్లు తీసి చూడండి. 'ఆవేశం ఉంది, శిల్పం మీద శ్రద్ధ పెడితే బాగుంటుంది.' 'జీవితం ఉంది, కవిత్వంగా మారాల్సి ఉంది.' 'మట్టివాసన గుబాళించింది.' జీవితం మాది, శిల్పం వాళ్లది. అనుభవం మాది, విశ్లేషణ వాళ్లది. ఇట్లాంటి సంకలనాల్లో గూడా మమ్మల్ని ఏడ్చినంతసేపు మెచ్చుకుంటారు. మా ఏడుపుకు కారణం ఎవరో పేరు పెట్టి చెప్తే 'వ్యాసం దారి తప్పింది' అంటారు. అందుకే ఈ వ్యాసంలో నా కథతో పాటు నా విశ్లేషణ గూడా నేనే రాస్తున్నాను.

వస్తువును మెచ్చి మనిషిని మరిచే ఇంకో పద్ధతుంది. దాన్ని చూడాలంటే ధర్మవరం పోవాల. పట్టుచీర అంచు చూసి, జరీ చూసి 'ఎంత బాగుందో' అనని ఆడపడుచు లేదు. లేపాక్షి గుడి గోడల మీది లతల్నీ హంసల్నీ అంచులోకి దింపినారని మురిసిపోతారు. ఆ పడుగు పట్టినవాడు, పేక నేసినవాడు, మగ్గం గుంటలో కాళ్లు దింపుకోని పొద్దంతా కూర్చున్నవాడు ఎవడు? చీర మడతల్లో యాడా వాని పేరు ఉండదు. చీరకు సన్మానం, నేతగానికి అప్పు. ధర్మవరంలో నేతగాళ్లు అప్పుల పాలై ఉరేసుకున్న సంవత్సరాల్లో గూడా పెళ్లిళ్లలో ఆ చీరల్ని పొగుడుతూనే ఉన్నారు. హిందూపురానికి పదిహేను కిలోమీటర్ల దూరంలో లేపాక్షి. విరూపణ్ణ కథ చెప్తారు, వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి చూపిస్తారు, ఒకే రాతి నంది ముందర ఫొటోలు దిగుతారు. రాయి కొట్టినవాని పేరు అడిగితే గైడు నవ్వుతాడు. మా తప్పెట గూడా అంతే. జాతరలో తప్పెట మోగకపోతే అమ్మవారు కదలదు. మోగినంతసేపు "కొట్రా, కొట్రా, భలే" అని నోట్లు విసురుతారు. జాతర అయినాక అదే మనిషి అదే ఊరి హోటల్లో వేరే గ్లాసులో టీ తాగిన రోజులు మా నాయన చూసినాడు. చేతిని మెచ్చుకున్నారు. చేతిని తాకలేదు.

ఇన్ని మాటలు ఊరిమీద వేసి మా సంగతి వదిలేస్తే అది విమర్శ కాదు. హిందూపురం 1985, 1989, 1994 ఎన్నికల్లో వరసగా ఎన్.టి. రామారావును గెలిపించిన ఊరు. సినిమా అభిమానం, రాజకీయ అభిమానం కలగలిసిన నేల. ఇప్పుడు ఏ కూడలిలో చూసినా నాయకుల ఫ్లెక్సీలు. ఆ ఫ్లెక్సీల కింది వరసలో తపాలాబిళ్లంత ఫొటోల్లో మా గేరి పిల్లలుంటారు. కూలిడబ్బులు పోగేసి ఇంకొకణ్ని పొగడటానికి ఖర్చు పెడతారు. 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో అంబేడ్కర్ హెచ్చరించినాడు, మతంలో భక్తి మోక్షానికి దారి కావచ్చు గానీ రాజకీయాల్లో భక్తి, వీరపూజ పతనానికీ, చివరికి నియంతృత్వానికీ దారి తీస్తాయని. మేం ఆ అంబేడ్కర్‌నే పూలదండల కింద పూడ్చేస్తున్నాం. ఏప్రిల్ 14న 'రాజ్యాంగ నిర్మాత, మహామేధావి' అని ప్రతి ఉపన్యాసకుడూ పొగుడుతాడు. 1936లో ఆయన కుల నిర్మూలనలో ఏమి రాసినాడో ఒక పేజీ చదవమంటే మైకు చేతులు మారుతాది. చదవకుండా పొగడటం, వినకుండా చప్పట్లు కొట్టడం మనకు గూడా అలవాటైంది.

సాహిత్యంలోనూ అంతే. మనవాడు రాసినాడు కాబట్టి గొప్పగా రాసినాడని మనం రాస్తున్నాం. బయటివాళ్లు 'అయినా' అంటే, మనం 'కాబట్టి' అంటున్నాం. రెండింటిలోనూ ముందర కులం, వెనక పుస్తకం. దక్షిణాఫ్రికా ఖోసా ప్రజల్లో ఇంబోంగి అని రాజును కీర్తించే కవి ఉంటాడు. రాజు ఎదుటే నిలబడి పొగుడుతాడు, ఆ నోటితోనే, ఆ సభలోనే రాజు తప్పుల్ని గూడా అంటాడు. అనడానికి అతనికి ఆచారం హక్కిచ్చింది. అందుకే అతని పొగడ్తకు విలువ. మనకు కావాల్సింది ఆ నోరు. బాగలేని పద్యాన్ని బాగలేదని చెప్పే మిత్రుడు మనకుంటేనే, బాగుందన్న అతని మాటను బయటి ప్రపంచం ముందర ధైర్యంగా పెట్టుకోగలం.

ఇది ఉత్త సిద్ధాంతం కాదు. నాకు రోజూ అవసరమయ్యే పని. మూడేండ్ల కిందట పెనుకొండలో ఒక సంస్థ వ్యాసరచన పోటీ పెట్టింది. మా బడినించి తొమ్మిదో తరగతి పిల్లను తీసకపోయినాను. గేరి పిల్ల. వాళ్లమ్మ శనక్కాయల కూలికి పోతాది. వానకోసం ఎదురుచూడటం గురించి ఆ పిల్ల రాసింది. న్యాయనిర్ణేతల్లో ఒకాయన కాగితం చదివి, పిల్లను పిలిచి, "బాగుందమ్మా. ఎవరు రాసిచ్చినారు?" అన్న్యాడు. పిల్ల నా వైపు చూసింది. "ఇక్కడ కూర్చోని ఇంకో పేరా రాసి చూపించు" అని తెల్లకాగితం ఇచ్చినాడు. బోస్టన్ పెద్దలు ఇంతదూరం వచ్చి కూర్చున్నారు! నేను లేచి "సార్, పోటీకి వచ్చిన పిల్లలందరికీ తెల్లకాగితాలివ్వండి. అందరూ రాస్తే మా పిల్ల గూడా రాస్తాది. ఈమె ఒక్కతే రాయదు" అన్నాను. కొంచెంసేపు వాదన జరిగింది. కాగితం వెనక్కి తీసుకున్నారు. పిల్లకు రెండో బహుమతి ఇచ్చినారు. పోయేటప్పుడు ఆయనే వచ్చి నా భుజం తట్టి "ఏమైనా మీ పిల్లలు కూడా బాగా రాస్తున్నారు మాస్టారూ" అన్న్యాడు.

బస్సులో ఆ పిల్ల అడిగింది, "సార్, ఆయప్ప మెచ్చుకున్న్యాడా, తిట్టినాడా?" అని.

వ్యాజస్తుతి పాఠం ఆ పిల్లకు ఆ పొద్దు బస్సులోనే చెప్పినాను. తర్వాత ఆమె వ్యాసం తీసి వాక్యం వాక్యం చదివినాను. మూడో పేరాలో మబ్బును 'కూలి ఎగ్గొట్టిన ఆసామి' అన్నావే, అది చాలా బాగుంది, వాళ్లమ్మ పడే బాధంతా ఆ ఒక్క పోలికలో ఉంది అన్నాను. చివరి పేరాలో 'ప్రకృతి మాత ఒడిలో' అని రాసినావు, అది పాఠ్యపుస్తకం మాట, నీది కాదు, తీసెయ్ అన్నాను. పిల్ల మొదటిదానికి నవ్వింది, రెండోదానికి మూతి ముడిచింది. ఇంటికి పోయేలోపల చివరి పేరా మార్చి రాసింది.

నేను తరగతిలో పెట్టుకున్న పద్ధతి ఇదే. పనిని మెచ్చుకోవాల, ఏది బాగుందో చూపించి మెచ్చుకోవాల, పదిమంది ముందర మెచ్చుకోవాల. తప్పుంటే అదే గొంతుతో చెప్పాల. మా గేరి పిల్లల్తోనూ ఊరి పిల్లల పనిని చదివించి, బాగోగులు చెప్పిస్తాను. మొదట్లో వాళ్లు "బాగుంది సార్" అని తలొంచుకునేవాళ్లు. ఇప్పుడు "ఈ వాక్యం యెందుకు రాసినావు?" అని అడుగుతారు. ఊరి పిల్లలు జవాబు చెప్తారు. చెప్పక తప్పదు.

మాకు మీ మెచ్చుకోలు వద్దని నేను అనడంలేదు. ఆకలి మాదిరే అది గూడా మనిషికి ఉండే అవసరం. మీ వాక్యంలోనించి 'అయినా' తీసేయండి, 'కూడా' తీసేయండి. మిగిలిన వాక్యం నిలబడితే చెప్పండి, తీసుకుంటాం. మీ పనిని చూసి మేం బాగుందన్నప్పుడు, బాగలేదన్నప్పుడు, మీరు గూడా కూర్చోని వినండి. లేచిపోకండి.